తోడిచ్చిన చట్రం

నేను ఒక చట్రాన్ని. నాలుగు పనస బద్దలు, మధ్యలో రెండు తీగలు, తీగల మీద మైనం రేకు. తేనెటీగల పెట్టె మూత తీస్తే లోపల పక్కపక్కనే వేలాడుతుంటాయే, వాటిలో ఒకదాన్ని. తలుపులు చేయగా మిగిలిన ముక్కలతో నూకరాజు అనే వడ్రంగి నన్ను చేశాడు. ఈగలు నా మీద గదులు కట్టుకున్నాయి. రాణి వాటిలో గుడ్లు పెట్టింది. అలా పనిలో పడ్డాను.

నన్ను కొన్న దాలయ్యకు జీడితోట అంచున పెట్టెలుండేవి. అవి తప్ప అతనికి వేరే బతుకుతెరువు లేదు. మాట తక్కువ మనిషి. మొహానికి ముసుగు కట్టేవాడు కాదు. కుట్టని ఈగే మంచి ఈగ అని అతని నమ్మకం. ఏ పెట్టె ఈగలు సాధువుగా ఉంటే, ఆ పెట్టె రాణి కూతుళ్ళనే మిగతా పెట్టెలకు రాణుల్ని చేసేవాడు. మనుషులు సంబంధాలకు ఇల్లూ వాకిలీ చూసుకున్నట్టే.

నేనున్న పెట్టె అలాంటిది కాదు. మా ఈగలు పొద్దున్నే కొన్ని గదుల మూతలు చించి, లోపలి పిల్లల్ని ఈడ్చుకెళ్ళి గుమ్మం బయట పడేసేవి. దాలయ్య వదిన పైడమ్మ ఒకరోజు అది చూసి చెంపలేసుకుంది. తోటకు అవతల ఆమెకూ పెట్టెలున్నాయి.

"ఒలమ్మో! కడుపున పుట్టినోటిని ఈడ్సి పారేత్తన్నాయి. ఇదేటి జాతి మరిదీ?"

"పాడు జాతి."

"అయితే రాణిని తీసీ. ఈ రక్తం ఉంచకు."

దాలయ్య రాణిని రెండు వేళ్ళ మధ్య నలిపేశాడు. సాధువు పెట్టె నుంచి కొత్త రాణిని తెచ్చి పెట్టాడు. పాత ఈగలు ఆయువు తీరి పోయాయి. కొత్త రాణి పిల్లలు నిండాయి. గుమ్మం ముందు పారేసిన పిల్ల కనబడలేదు. దాలయ్య సంతోషించాడు.

ఆ పాత ఈగలు పారేసింది బాగున్న పిల్లల్ని కాదు. తెగులు తగిలినవాటిని. మూత కింద చావును వాసన పట్టడం కొన్ని ఈగలకు పుట్టుకతో వస్తుంది, తల్లి నుంచి కూతురికి. అది నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? కర్రకు నోరు లేదు.

అక్కడ ఒక ఆచారం ఉంది. ఎవరి పెట్టెలోనైనా ఈగలు పలచబడితే, పక్కవాళ్ళు పిల్లలున్న చట్రం ఒకటి తీసి ఇస్తారు. పాలలో పెరుగు చుక్క వేసినట్టు. తోడు అనే అంటారు. అడిగితే లేదనకూడదు, ఇచ్చింది తిరిగి అడగకూడదు. వానల్లో పైడమ్మ పెట్టె ఒకటి నీరసించింది. దాలయ్య తన చట్రాల్లో బాగా నిండినది ఏదా అని వెతికి నన్ను ఇచ్చాడు.

జీడి పూత మొదలయ్యే వేళకు దాలయ్య వచ్చాడు. ఒంటి నిండా పొగ వాసన. పైడమ్మ పెట్టె దగ్గరే ఉంది.

"వదినా, నానిచ్చిన తోడు తిరిగిచ్చీ."

"నీకు మతిగాని పోనాదేటి? తోడు తిరిగడుగుతారా ఎవులైనా?"

"నా పెట్టెలన్నీ తగలెట్టీసినాను. గొయ్యి తీసి, ఈగల్తో సహా."

ఎందుకో కూడా దాలయ్యే చెప్పాడు. అతను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

"తేనెటీగల ఆపీసరమ్మ వచ్చి సూసింది. బాక్టీరియా అట. దాన్లోనూ జాతులున్నాయట. పిల్లని బేగి సంపీసీది కొంత నయమట, ఈగలకి తెలిసిపోతాదట, పారేత్తాయట. నిదానంగా సంపీదే పాడుదట. మూతేసీదాకా పిల్ల బాగానే కనబడతాది. నాకు తగిలింది అదే. నీకిచ్చిన తోడులోనూ ఉంటాది, కాల్చాల."

దాలయ్య తన తోట వైపు చూశాడు.

"మనం సంపిన రాణి ఉన్నాది సూడు. దాని కూతుళ్ళకే ఈ వాసన తెలిసీది. ఆ రక్తం ఇంక నేదు."

"మనవేటి? నలిపింది నీ సెయ్యి."

"నా సెయ్యే."

పైడమ్మ విసురుగా నన్ను పైకి తీసి అతని మొహం ముందు పట్టింది. "సూడు, ఎంత నిండుగా ఉన్నాదో! నీయి పోనాయని నాయి కాల్చమంటావా?"

దాలయ్య గుంట పడిన మూత ఒకటి వెతికాడు. అగ్గిపుల్ల గుచ్చి మెల్లగా లాగాడు. గోధుమ రంగు జిగురు దారంలా సాగి వచ్చింది. తెగలేదు. ఆపీసరమ్మ చెప్పిన తెగులు గుర్తు అదే. ఇద్దరూ చూశారు.

"ఈ గదొక్కటే," అంది పైడమ్మ.

"వదినా..."

"ఒక్కటే అన్నాను గదా! ఈ పూత పోతే నా పొయ్యిలోకి ఏటుంటాది? నువ్వెల్లు మరిదీ."

దాలయ్య నన్ను కలబడి లాక్కోవలసింది. కాని కుట్టని ఈగల్ని మెచ్చుకున్న మనిషి, తనూ కుట్టలేడు. వెళ్ళిపోయాడు.

అతను కనుమరుగయ్యాక పైడమ్మ నా మీది గదులన్నీ కత్తితో గీకేసింది. వేణ్ణీళ్ళు పోసి, కంచెకు ఆనించి ఎండలో పెట్టింది. "బాగా ఎండితే పోద్దిలే," అనుకుంది. మనుషులు చాలావాటికి ఎండే మందనుకుంటారు. నా కర్ర సందుల్లో దాగిన తెగులు విత్తనం వేణ్ణీళ్ళకు చావదు. ఎండకు చావదు. నూకరాజు మనవలు పెద్దవాళ్ళయ్యేదాకా అలాగే కాచుకుని ఉండగలదు.

నా మూలలో కత్తి అందని చోట కొంచెం తేనె మిగిలింది. దాన్లోనూ ఆ విత్తనం ఉంది. ముందు ఒక ఈగ వచ్చి వాలింది. తర్వాత గుంపు దిగింది. కొన్ని పైడమ్మవి. మిగతావి ఏ తోటవో, ఏ ఊరివో. కడుపునిండా తాగి, తలో దిక్కుకూ లేచిపోతున్నాయి.