డి మీట

చిత్తూరు పక్కనున్న చక్కెర మిల్లులో పంకజాక్షి చేరి నెలన్నర. మద్రాసులో నేర్చుకున్న బేసిక్ అనే కంప్యూటర్ భాషతో చెరకు రైతుల జాబితాకు చిన్న ప్రోగ్రాం రాసింది. నల్లని తెర మీద రైతు నంబరు కొట్టి, ‘సి’ కొడితే కోత తేదీ పడుతుంది. ‘డి’ కొడితే పేరు పోతుంది. ‘డి’ కొట్టినప్పుడు మాత్రం ‘నిజంగా తీసేయాలా?’ అని అది ఇంగ్లీషులో అడిగేది.

కోత ముగిసిన రైతుల పేర్లు రోజుకు వంద తీసేసే మేనేజరు సుబ్రమణ్యానికి ఆ ప్రశ్న చిరాకు. “నేను కొట్టినాక మళ్లా నన్నే అడిగేదేంది? తీసెయ్.”

“‘సి’కి పైనే ‘డి’ ఉండాది సార్. వేలు జారితే...”

“నా వేలు జారదు.”

పంకజాక్షి ఆ ప్రశ్న తీసేసింది.

సంక్రాంతి దాటిన పది రోజులకు మునిరామయ్య అనే రైతు ఒప్పంద కార్డు పట్టుకుని వచ్చాడు. “నా సుట్టూ అందరికీ కోత ఆర్డర్లు వచ్చినాయి సార్. నా చెరకు పూత కూడా వచ్చేసినాది. ఇంకో వారం పోతే ఎండిపోతాది.”

సుబ్రమణ్యం నంబరు కొట్టాడు. తెర మీద ‘లేదు’ అని పడింది.

“మిషన్‌లో నువ్వు లేవు పెద్దాయనా.”

“ఈడ ఉండానే సార్!” అన్నాడు మునిరామయ్య. గుమాస్తాలు పగలబడి నవ్వారు.

పంకజాక్షి పాత ప్రింటు కాగితాలు తిరగేసింది. కిందటి వారం జాబితాలో ఆయన పేరుంది. మేనేజరును పక్కకు పిలిచి చూపించింది.

“ప్రోగ్రాం రాసింది నువ్వే గదా,” అన్నాడాయన మెల్లగా. “తప్పు నీదేనని రాసి సంతకం పెడతావా? ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు నీకు. లేదంటే పోయి, ఆయన నమోదు చేసుకోలేదని నువ్వే చెప్పు.”

ఆమె కాగితాలు మడిచి సొరుగులో పెట్టింది. బయటికొచ్చి, మునిరామయ్య ముఖం చూడకుండా అంది: “నువ్వు నమోదు చేసుకోలేదు పెద్దాయనా.”

“నువ్వు సదువుకున్న బిడ్డవు. బాగా సూసినావా తల్లీ?”

“సూసినాను.”

నెలాఖరుకు ఆయన చెరకు గానుగకూ పనికి రాకుండా ఎండింది. తోటకు ఆయనే నిప్పు పెట్టుకున్నాడని మిల్లులో చెరకు బళ్లు తూచే కాటా దగ్గర చెప్పుకున్నారు.

ఆ వారమే సుబ్రమణ్యం ఇంకో మార్పు అడిగాడు. నంబరు దొరక్కపోతే ‘లేదు’ అని కాకుండా, ‘రైతు నమోదు చేసుకోలేదు’ అని పడాలి. ఒక్క వరుస మారిస్తే సరిపోయింది. సీజను అయిపోయేలోగా ఆ మాట ఇంకో తొమ్మిది మందికి పడింది. వాళ్లలో ఎవరి కోసమూ పంకజాక్షి పాత కాగితాలు తీయలేదు.