చివరి భాగం రేపు చూద్దాం

బుజ్జమ్మకు చదువు రాదు. కొరియా భాష రాదు, జపాన్ భాష రాదు, టీవీలో బొమ్మ కింద పడే ఇంగ్లీషు అక్షరాలూ రావు. అయినా కొరియా, జపాన్ సీరియళ్ల మీద ఆమెకున్నన్ని అభిప్రాయాలు గరివిడి బజారులో ఇంకెవరికీ లేవు.

కొరియా సీరియల్లో లారీ కనిపించిందంటే అది ఎవరినో ఒకరిని గుద్దుతుందని, వాళ్లు గతం మరిచిపోతారని ఆమె ముందే చెప్పేది. డబ్బున్న తల్లి కాఫీ హోటల్లో కూర్చుందంటే ఎదుట కూర్చున్న కొడుకు ప్రియురాలి మొహాన నీళ్లు పడతాయని చెప్పేది. "గలాసు ముట్టుకున్నాది సూడు. ఇప్పుడు కొడతాది," అనేది. ఆ తల్లి కొట్టేది.

జపాన్ వాళ్ల మీద వేరే అభిప్రాయం. "కొరియావోడు మన వంతు కూడా ఆడే ఏడిసేత్తాడు. జపానోడు ఊరుకుంటాడు. మనమే ఏడాల," అనేది. ఆ సీరియళ్లలో ఇంట్లో వాళ్లు చనిపోయిన మనిషి ఫొటో ముందు అన్నం గిన్నె పెట్టి, గంట కొట్టి, ఆ రోజు జరిగిందంతా చెప్పుకుంటారు. అది ఆమెకు నచ్చింది. "మనం ఏడాదికోపాలి పిలిసి పెడతాం. ఆళ్లు రోజూ పెడతన్నారు. ఎవులు మేలు?"

వాళ్లు చూసేది కిరాణా కొట్టు వెనక గదిలో. మధ్యాహ్నం భోజనాలయ్యాక కొట్టుకు బేరం ఉండదు. బుజ్జమ్మ కొడుకు నగరేశ్వరరావు గల్లాపెట్టె దగ్గర కునుకు తీసేవాడు. బుజ్జమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని అడకత్తెరతో వక్క కత్తిరించేది. కోడలు అర్చన ఆమె ముందు చాప మీద కూర్చుని, కింద పడే ఇంగ్లీషును చదివి తెలుగులో చెప్పేది.

అర్చన బుజ్జమ్మకు అన్న కూతురు. విజయనగరంలో డిగ్రీ చదివింది. మేనరికం చేసుకుని ఈ ఇంటికి వచ్చింది. నగరేశ్వరరావు మంచివాడే గానీ, కందిపప్పు, నూనె డబ్బాలు దాటి అతని మాట వెళ్లదు. ఆ ఇంట్లో అర్చనతో సరుకుల గురించి కాకుండా మాట్లాడే మనిషి అత్త ఒక్కతే.

బుజ్జమ్మకు గుండె జబ్బు ఉంది. అందుకని చావులు వచ్చినప్పుడు అర్చన కథ మార్చి చెప్పేది. ఎప్పుడూ దొరికిపోయేది.

"ఏటంటన్నాడు?"

"ఊరెల్లి వస్తానంటన్నాడత్తా."

"ఊరెల్లొస్తానంటే ఆ పిల్ల అలగ కూలబడిపోనాదేటి? నిజం సెప్పు."

"సచ్చిపోతాడంట. రోగమంట."

"అదీ. అలగ సెప్పు. నానేటి సిన్న పిల్లనా?"

కిందటి వానాకాలం వాళ్లు ఒక జపాన్ సీరియల్ మొదలుపెట్టారు. నెట్‌లో వారానికి ఒక భాగం వచ్చేది, వచ్చాక ఎప్పుడైనా చూసుకోవచ్చు. సముద్రం ఒడ్డున ఒక హోటలు. దాన్ని నడిపే ముసలామె, ఆమె కొడుకు, కోడలు. ప్రతి సాయంత్రం వెనక తలుపు ఎవరో తడతారు. కొడుకూ కోడలూ చేతిలో పని ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తలుపు తియ్యరు. కోడలు మాత్రం రోజూ ఒక కప్పు టీ ఎక్కువ పోస్తుంది. ఎవరు తడుతున్నారో ఏ భాగంలోనూ చూపించలేదు.

బుజ్జమ్మ రెండు సంగతులు పట్టుకుంది.

"తలుపు సప్పుడైనపుడు ఆ ముసల్ది గదిలో ఉండదు. సూసేవా?"

"పెరట్లో ఉంటాది కాబోలు."

"అది తినడం ఎప్పుడైనా సూసేవా?"

అర్చన ఆలోచించింది. చూడలేదు.

"ఆళ్లు తినకండా ఒక్క సీను తియ్యరు. హోటల్లో అందరూ తింటన్నారు. అదొక్కర్తే తినదు." బుజ్జమ్మ వక్క కత్తిరించింది. "తోడు కోసం వచ్చినోళ్లు ఒట్టి సేతుల్తో ఎల్లర్లే అర్చనా. సూస్తండు."

ఆ రోజే వాళ్ల సొంత వెనక తలుపు సంగతి కూడా వచ్చింది. ఆ తలుపు బయటి వైపు, పెరట్లోంచి చూస్తే, రంగు కింద సున్నం అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. ఓ స్త్రీ రేపు రా. నగరేశ్వరరావు పిల్లవాడిగా ఉన్నప్పుడు వీధివీధంతా దయ్యం భయంతో తలుపుల మీద అలా రాయించుకున్నారు. తిరిగే ఆడదయ్యం అది చదివి, రేపు వద్దామని వెళ్లిపోతుందని.

"ఎంత తెలివితక్కువ దెయ్యమే," అంది బుజ్జమ్మ. "రోజూ సదువుతాది, రోజూ ఎల్లిపోతాది. అదే నాలాటి సదువు రాని దెయ్యమైతే? తిన్నగా లోపలికొచ్చీస్తాది."

ఇద్దరూ నవ్వారు. నగరేశ్వరరావు కొట్లోంచి, "ఏటా గోల?" అన్నాడు.

"ఆ తలుపు ఎవులు కొడతన్నారో తెలీకండా నాను సావను," అంది బుజ్జమ్మ.

చివరి భాగం రావడానికి ముందే ఆమె పోయింది. పొద్దున్న కొట్లో చింతపండు పొట్లాలు కడుతూ, బియ్యం బస్తా మీద కూర్చుంది. మళ్లీ లేవలేదు.

మైల రోజుల్లో ఆ ఇంట్లో టీవీ పెట్టలేదు. చివరి భాగం ఆ రోజుల్లోనే వచ్చింది. అర్చన చూడలేదు.

పదో రోజున ఏటి ఒడ్డుకు వెళ్లారు. పిండాలు ఇసకలో ఆకు మీద పెట్టి, అందరూ వెనక్కి జరిగారు. కాకి కరెంటు స్తంభం మీద ఉంది. దిగలేదు.

నగరేశ్వరరావు దణ్ణం పెట్టాడు. "కొట్టు అమ్మనమ్మా. తినీ."

కాకి కదలలేదు.

బుజ్జమ్మ కూతురు సుహాసిని పొందూరు నుంచి వచ్చింది. ఆమె ముందుకొచ్చింది. "నీ గొలుసు కోసం నాను దెబ్బలాడనమ్మా. అర్చనే ఉంచుకుంటాది. దా."

కాకి కదలలేదు. ఎండ ఎక్కింది. పెద్దవాళ్లు తలపాగాలు విప్పి మొహం తుడుచుకున్నారు.

"ఆవిడకి ఏ కోరిక మిగిలిపోయిందో ఆలోచించండి," అన్నాడు పురోహితుడు.

అర్చన సుహాసిని వైపు తిరిగింది. "అత్త సీరియల్ ఆఖరి భాగం సూడలేదు వదినా," అంది.

"ఓలమ్మ! పోయిన మనిషికి సీరియలేటే?" అంది సుహాసిని. వెనక ఎవరో నవ్వి, నవ్వు ఆపుకున్నారు.

పురోహితుడు నవ్వలేదు. "కోరిక కోరికే. కథ ఏమైందో చెప్పెయ్యమ్మా."

తనూ ఆ భాగం చూడలేదని అర్చన చెప్పి ఉండవచ్చు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె రెండడుగులు ముందుకు వేసి, పిండాల వైపు తిరిగి చెప్పింది.

"తలుపు కొట్టింది ఎవులూ కాదత్తా. ఊరి నించి ఆవిడ సిన్న కొడుకంట. ముసలావిడే తలుపు తీసినాది. అందరూ కూకుని తిన్నారు. ఆవిడా తిన్నాది."

కాకి దిగింది. ఇసకలో గెంతుకుంటూ ఆకు దాకా వచ్చింది. తల పక్కకు తిప్పి అర్చనను చూసింది. పిండాన్ని ముట్టుకోలేదు. లేచి ఏరు దాటి వెళ్లిపోయింది.

"అమ్మకి అబద్ధం సెప్తే తెలిసిపోతాది," అంది సుహాసిని, ఎవరినీ చూడకుండా.

పురోహితుడు దర్భతో కాకిని చేసి, దానితో పిండాలను తాకించి, నీళ్లలో కలిపించాడు. శాస్త్రం ఒప్పుకుంటుందన్నాడు. ఇంటికి వచ్చారు.

చుట్టాలు వెళ్లిపోయాక, ఒక మధ్యాహ్నం, వెనక తలుపు చప్పుడైంది.

బుజ్జమ్మ ఎక్కడికెళ్లినా అడకత్తెర చేతిలోనే ఉండేది; పెరట్లోంచి సామాన్లతో వచ్చినప్పుడు దాని పిడితో తలుపు తట్టేది. చెక్క మీద ఇనుము చప్పుడు. ఇప్పుడూ అదే చప్పుడు. అడకత్తెర వెనక గదిలో వక్కల డబ్బాలో ఉంది. అర్చన మూత తీసి చూసింది.

నగరేశ్వరరావు కూడా విన్నాడు. కొట్లోంచి వచ్చి తలుపు తీశాడు. దండెం మీద చీర ఉంది. నీళ్ల మోటారు ఉంది. ఎవరూ లేరు.

"పిల్లి," అన్నాడు.

"పిల్లికి ఇనప సామానెక్కడిది బావా?"

అతను గడియ పెట్టి కొట్లోకి వెళ్లాడు. మర్నాడు అదే వేళకు మళ్లీ చప్పుడైంది. ఈసారి అతను లేవలేదు. ఎదుటి మందుల షాపు త్రినాథ్‌ను పిలిచి, అవసరం లేకపోయినా మాట్లాడుతూ కూర్చున్నాడు. తరవాత రోజుల్లో భోజనానికి కూడా వెనక గదిలోకి రావడం మానేశాడు. కంచం కొట్లోకే తెమ్మన్నాడు.

పొందూరు నుంచి సుహాసిని ఫోన్ చేసింది. "సరిగ్గా పంపకపోతే తోడు తీసుకెల్తారంటారు తమ్ముడూ. అర్చనని ఆ సీరియలేదో సూసి, ఉన్నదున్నట్టు సెప్పీమను."

నగరేశ్వరరావు అర్చనను పిలిచాడు. "ఆ ఆఖరి ముక్క సూసీ. బయటికి సదువు. అమ్మ ఇని ఎల్లిపోతాది."

"సూస్తాను బావా."

"ఇన్నాళ్లూ ఎందుకు సూడనేదు?"

అర్చన అతని ఎంగిలి కంచం తీసింది. బియ్యం కడుగుతున్నప్పటి నుంచే తను ఆ చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉంటున్నానని అతనికి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. చివరి భాగం అయిపోతే ఆ చప్పుడు ఉండదు. తరవాత మధ్యాహ్నాలు ఉంటాయి, కొట్టు ఉంటుంది, నూనె డబ్బాలు ఉంటాయి.

"తోడు తీసుకెల్తాదంటన్నారే," అన్నాడు అతను. గొంతు తగ్గించాడు. "నాకు భయంగా ఉన్నాది. ఈయేళ సూసీ."

ఆ మధ్యాహ్నం అర్చన వెనక తలుపు తీసి ఉంచింది. ముక్కాలిపీటను దాని చోట వేసింది. పీట పక్కన పళ్లెంలో అడకత్తెర, వక్కలు పెట్టింది. తను పీటకు వీపు పెట్టి చాప మీద కూర్చుని టీవీ పెట్టింది.

ఆ రోజు తలుపు చప్పుడు కాలేదు.

ఆమె ప్రతి మాటా బయటికి చదివింది. దేన్నీ మార్చలేదు. హోటల్లో దీపాలు పెట్టారు. కోడలు కప్పుల్లో టీ పోసింది. ఒకటి ఎక్కువ పోసింది. అక్కడ హోటలు వెనక తలుపు చప్పుడైంది.

అర్చన వెనక వక్క తెగిన చప్పుడైంది. ఆమె తిరిగి చూడలేదు. చదువుతూనే ఉంది.

ఈసారి సీరియల్లో కొడుకు లేచాడు. తలుపు తీశాడు. గుమ్మం బయట అతని తల్లే నిలబడి ఉంది. బట్టల నుంచి సముద్రం నీళ్లు కారుతున్నాయి. కానీ ఆమె మామూలుగా, పెరట్లోంచి వచ్చినదానిలా, లోపలికి వచ్చింది. చెంగుతో చేతులు తుడుచుకునే మనిషిలా తన గౌనుకు చేతులు తుడుచుకుంది.

"అనుకున్నావు గదత్తా," అంది అర్చన. "ఆవిడే."

వెనక ఇంకో వక్క తెగింది.

కొడుకు తల్లిని కూర్చోమన్నాడు. అర్చన చదివింది. "అమ్మా, నీకో మాట సెప్పాల. ముందే సెప్పాల్సింది. సెప్తే నువ్వు ఎల్లిపోతావనీసి మేమే సెప్పనేదు."

తల్లి ఏమిటన్నట్టు చూసింది. కొడుకు నోరు తెరిచాడు.

అర్చన రిమోట్ నొక్కింది. బొమ్మ ఆగిపోయింది. కొడుకు నోరు తెరుచుకునే ఉంది.

వెనక చప్పుడు ఆగింది. బుజ్జమ్మ, "ఏటంటన్నాడు?" అని అడిగే చోటు అది. ఎవరూ అడగలేదు. పీట మీద మనిషి బరువు మారినప్పుడు చెక్క కిర్రుమనే చప్పుడు ఉంటుంది. ఆ చప్పుడైంది.

"కరెంటు పోయినాదత్తా," అంది అర్చన. "మిగతాది రేపు సూద్దాం."

ఆమె నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. టీవీ వెలుతురు ఆమె చేతుల మీద పడుతోంది. ఈ గదిలో ఆమె చెప్పిన ఏ అబద్ధమూ ఇంతవరకూ నిలబడలేదు. నిజం సెప్పు అనే మాట కోసం ఆమె తల వంచుకుని కూర్చుంది.

ఆ మాట రాలేదు. ఫ్యాను నెమ్మదించింది. ఆగిపోయింది. టీవీ ఆరిపోయింది.

కొట్లోంచి నగరేశ్వరరావు గొంతు వినిపించింది. "ఒరే త్రినాథూ, కరెంటు పోయినాదేటి?"

"మాకున్నాదిరా," అన్నాడు ఎదుటి షాపులోంచి త్రినాథ్. "బజారంతా ఉన్నాది. మీకే పోయినట్టున్నాది."

అర్చన వెనక వక్క తెగింది. తాపీగా, సగానికి ఒకసారి, మళ్లీ ఆ సగానికి ఒకసారి.

కొంతసేపయ్యాక ఆమె లేచింది. పీట మీద ఎవరూ లేరు. పళ్లెంలో వక్క ముక్కలు ఉన్నాయి, అన్నీ ఒకే కొలత. ఆమె వెనక తలుపు దగ్గరికి వెళ్లింది. తెరిచిన తలుపు మీద రంగు కింద అక్షరాలు కనిపిస్తున్నాయి. అత్తకు చదువు రాదు. ఎవరో ఒకరు నోటితో చెప్పాలి.

"రేపు రా అత్తా," అంది.

"అయిపోనాదా?" అని కొట్లోంచి భర్త అడిగాడు.

"ఇంకొంచెం ఉన్నాది బావా," అంది అర్చన. తలుపు దగ్గరగా వేసింది. గడియ పెట్టలేదు.