వేలాడే గరిటె

మోటర్‌హోమ్‌లో కాపురం అనగానే అందరిదీ ఒకటే పాట. ఎంత హాయి, రోజుకో ఊరు, కిటికీ తీస్తే కొత్త కొండ అంటారు. అలా అన్నవాళ్ళందరినీ పట్టుకొచ్చి వారం రోజులు ఇందులో పడెయ్యాలి. కొండ సంగతి దేవుడెరుగు, బండి ఆగగానే మంచం ఎటు వాలిందో చూసుకోవాలి. తలవైపు పల్లమైతే పొద్దున లేచేసరికి మొహం ఉబ్బిపోయి అద్దంలో మా అత్తగారు కనబడతారు. కాళ్ళవైపు పల్లమైతే జారి జారి తెల్లారేసరికి పాదాలు గోడకి తన్నిపెట్టి ఉంటాను. రెండేళ్ళలో నేను తిన్నగా పడుకున్న రాత్రులు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

మా ఆయన కాటాల మెకానిక్. లారీలు సరుకుతో సహా ఎక్కి తూకం వేయించుకునే పెద్ద ఇనుప పలకలుంటాయే, ఆ కాటాలు. చుట్టుపక్కల నలభై ఊళ్ళలో ఎక్కడ కాటా మొరాయించినా ఈయనకే కబురు. రసమట్టం పెట్టి, అందులో గాలిబుడగ సరిగ్గా నడిమికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారు. వెంట్రుకవాసి వాలు కూడా ఒప్పుకోరు. అదే సొంత ఇంటి వాలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, కాస్తేగా, కళ్ళు మూసుకుంటే తెలీదులే అంటారు. చక్రాల కింద చెక్కలు పెట్టండని నేను, పెడతాలే అని ఆయన. మా పోట్లాటల్లో సగం ఆ చెక్కల మీదే.

అయినా ఎవర్ననాలి? ఈ డబ్బాలోకి వచ్చి పడదామన్నది నేనే. అంతకు ముందు అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఆయన నెలకి నాలుగు రోజులు ఇంట్లో, మిగతా రోజులు లాడ్జీల్లో. ఇద్దరికని వండడం, ఒక్కదాన్నే రెండు పూటలు తినడం, పదకొండేళ్ళు అదే సంసారం. ఒకరోజు అన్నం చల్లారిపోయిన గిన్నె ముందు కూర్చుని ఏడుపొచ్చింది నాకు. ఆ వారమే చెప్పేశాను, మీరు ఇంటికి రాలేకపోతే ఇల్లే మీ వెంట వస్తుంది, బండి చూడండని.

వచ్చాక తెలిసింది మజా. స్నానం సగంలో ఉండగా ట్యాంకులో నీళ్ళు అయిపోతాయి, ఒంటి నిండా సబ్బుతో నేను, బకెట్టు పట్టుకుని కుళాయి వెతుక్కుంటూ ఆయన. దొడ్డి డబ్బా ఎవరు పారబొయ్యాలన్నది రోజూ పంచాయితీయే. సొరుగుకి గడియ వెయ్యడం మరిచిపోతే మలుపులో చెంచాలన్నీ గుమ్మం దాకా ఊరేగింపుగా వెళ్తాయి. ఎక్కడ ఆపినా ఒక వాచ్‌మన్ కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి, ఇక్కడ కాదమ్మా అంటాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఇల్లే రచ్చలో ఉంటే ఏది ముందు గెలవాలో వాళ్ళు చెప్పలేదు.

ఇన్ని ఉన్నా సాయంత్రం ఆయన చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంటే అన్నం వేడిగా ఉండేది. నాకు అది చాలు.

ఇక నా ఉద్యోగం. ఆన్‌లైన్ బడిలో ఆరో తరగతికి లెక్కలు చెబుతాను. తొమ్మిదిమంది పిల్లలు, రోజూ గంటన్నర. తాత్కాలిక ఉద్యోగం. ఆ బడికి ఒక నిబంధన ఉంది: టీచరుకి స్థిరమైన ఇల్లు, అందులో తలుపున్న విడి గది ఉండాలి. నేను మా అక్క ఇంటి చిరునామా రాసిచ్చాను. తలుపు మాట అబద్ధం కాదు, మా డబ్బాకీ తలుపుంది. నా వెనక కిటికీకి పుస్తకాల బీరువా బొమ్మ అచ్చేసిన తెర క్లిప్పులతో బిగించాను. పక్కనే వంటింటి అల్మారా, దాని కొక్కేనికి గరిటె. గరిటె తీసేద్దామనుకుని కూడా ఉంచేశాను. గరిటె కనబడితే ఇల్లంటే ఇల్లే అని ఎవరైనా నమ్ముతారు కదా అని నా తెలివి.

క్లాసు జరుగుతుండగా బండి కదలకూడదు, పంపు వెయ్యకూడదు, సుత్తి మోగకూడదు. అందుకు నేనే ఒక పద్ధతి పెట్టాను. క్లాసుకి కూర్చునే ముందు స్టీరింగుకి ఎర్ర తువ్వాలు కడతాను. తువ్వాలు ఉందంటే బండి ముట్టుకోకూడదు, విప్పేశానంటే ముట్టుకోవచ్చు. మా ఆయన ఆ తువ్వాలుని తు.చ. తప్పకుండా పాటించారు. నన్ను అడగడం కూడా మానేసి తువ్వాలునే చూసేవారు.

అలాంటి రోజుల్లో బడి నుంచి మెయిలు వచ్చింది. ఇద్దరు టీచర్లని పర్మనెంటు చేస్తున్నారట, మిగతావాళ్ళకి ఈ ఏడాదితో సరి. నాకు ఇంటర్వ్యూ పది గంటలకి, ముందు కమిటీ ప్రశ్నలు, ఆ తర్వాత నా పిల్లల్నే కూర్చోబెట్టి పాఠం. ఉద్యోగం పోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు, నోరు తెరిచి అనుకోలేదంతే. ఆయన ఒక్కరి సంపాదనతో ఈ డబ్బా తిరగదు. నేను అక్కావాళ్ళ ముందుగదిలోకి, ఆయన లాడ్జీల్లోకి, మళ్ళీ నెలకి నాలుగు రోజుల సంసారంలోకి. ఆ గిన్నె ముందు మళ్ళీ కూర్చోలేను నేను.

ఆ రోజు బండి ఒక క్వారీ గేటు పక్కన ఉంది. ఆయన అక్కడి కాటా విప్పి సరిచేస్తున్నారు. పదకొండింటికల్లా లారీలు వదలాలని వాళ్ళ తొందర. పది నలభైకి అయిపోతుందని ఆయనకి చెప్పాను. పదికి కూర్చుంటే కమిటీ పెద్దాయన ఇంకా రాలేదు, పదిన్నరకి మొదలుపెడదామన్నారు. ఇంతలో పక్క కిటికీలోంచి ఎండ సరిగ్గా నా మొహం మీదకి వచ్చింది. సగం మొహం తెలుపు, సగం నలుపు. అడ్డం పెట్టడానికి చేతికి ఏదీ దొరకలేదు. ముందుకెళ్ళి స్టీరింగు మీది తువ్వాలు విప్పి తెచ్చి కిటికీకి కట్టేశాను. పద్ధతి పెట్టింది నేను, రెండేళ్ళు దండోరా వేసింది నేను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు అయింది నా పని.

ప్రశ్నలు బాగానే జరిగాయి. పిల్లలు వచ్చారు. తరగతిలో పెత్తనమంతా రెండు జడల పిల్లది. గొణుగుడు అని తోటిపిల్లలు పిలిచే అబ్బాయి ఏడాది మొత్తం మీద ఏడు మాటలు మాట్లాడి ఉంటాడు. కమిటీ తరఫున ప్రిన్సిపాల్ మేడమ్, పెద్దాయన. నేను త్రిభుజం గీసి రెండో కోణం దాకా వచ్చానో లేదో, కింద ఇంజను గుర్రుమంది.

ఏం జరిగిందో క్షణంలో అర్థమైంది. మా ఆయనకి ఒక అలవాటుంది. కాటా బాగుచేశాక తూకపు బాట్లు పెట్టి పరీక్షించినా, చివరికి మా ఇంటిని దాని మీదకి ఎక్కించి చూసుకుంటే గాని ఆయనకి నమ్మకం కుదరదు. మా డబ్బా బరువు ఆయనకి కంఠతా వచ్చు. వచ్చి స్టీరింగు చూశారు, తువ్వాలు లేదు, ఎక్కారు, బయల్దేరారు. మైకు ముందు అరవలేక కాలితో నేల తన్నాను. నేనేదో బట్టలు ఉతుక్కుంటున్నాననుకున్నారట, తర్వాత చెప్పారు.

కాటా అంచు ఎక్కేటప్పుడు పెద్ద కుదుపు. తెరకున్న క్లిప్పులు రెండు ఊడి, పుస్తకాల బీరువా సగానికి మడతపడింది. వెనక కిటికీలో వరసగా లారీలు జరిగిపోతున్నాయి. గరిటె గోడకి కొట్టుకుంటూ ఊగుతోంది. ప్రిన్సిపాల్ మేడమ్ కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"మీ ఇల్లు కదులుతోందా అమ్మా?"

రెండు జడల పిల్ల తడుముకోకుండా అందుకుంది.

"లేదు మేడమ్. నెట్ బాగా లేనప్పుడు అలా కనబడుతుంది."

తక్కిన పిల్లలు అవునవునన్నారు. మిస్ ఇల్లు ఎప్పుడూ అక్కడే ఉంటుందని ఒకరు, ఎక్కడికీ వెళ్ళదని ఇంకొకరు. నేను తెల్లబోయాను. వీళ్ళు నా కోసం అబద్ధం ఎందుకాడుతున్నారు? అసలు ఆడాల్సింది ఉందని వీళ్ళకెలా తెలుసు?

ఇంజను ఆగింది. తలుపు చప్పుడైంది. కాటా గదిలోంచి మా ఆయన గొంతు, ప్రపంచాన్ని జయించినవాడిలా, క్వారీ మొత్తానికి వినబడేట్టు.

"మూడు వేల అయిదు వందల ఇరవై కిలోలు! బండి పోగా డెబ్భై నువ్వు! కాటా బంగారంలా ఉంది!"

మా అక్కతో సహా అందరికీ అరవై రెండని చెప్పుకుంటూ వస్తున్నాను నేను. పెద్దాయన గడ్డం నిమురుకున్నారు. గరిటె ఊగి ఊగి నెమ్మదించి ఆగింది. అప్పుడు, ఏడాదికి ఏడు మాటల గొణుగుడు, ఎనిమిదోది మాట్లాడాడు.

"మిస్, ఇవాళ సున్నా."

రెండు జడల పిల్ల వాడి పేరు పెట్టి కసిరింది. వాడు నాలిక్కరుచుకున్నాడు. సున్నా ఏమిటని మేడమ్ అడిగారు. వాడు గొణిగాడు. గట్టిగా చెప్పమన్నారు. చివరికి ఒక నోటుబుక్కు తెచ్చి కెమెరా ముందు విప్పాడు.

వరసగా తేదీలు. ప్రతి తేదీ పక్కన డిగ్రీలు. నేను కోణాల పాఠం మొదలుపెట్టిన వారమే, గరిటె అల్మారా అంచుకి సమాంతరంగా వేలాడడం లేదని వాడు కనిపెట్టాడట. కంప్యూటరు తెర మీద కోణమానిని పెట్టి కొలిచాడు. మర్నాడు ఇంకో కోణం వచ్చింది. గరిటె ఎప్పుడూ నిటారుగానే వేలాడుతుంది గనక వాలింది ఇల్లేనని, రోజుకో వాలంటే ఇల్లు చోటు మారుతోందని పిల్లలంతా కలిసి తేల్చారు. అప్పటి నుంచి తొమ్మిదిమందీ రోజూ కొలిచి, సరిచూసుకుని, వాడి పుస్తకంలో ఎక్కిస్తున్నారు. నేను ఎన్ని ఊళ్ళు తిరిగానో నా కన్నా వాళ్ళకే బాగా తెలుసు.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెబితే గరిటె తీసేస్తారని మిస్."

ఏడుపు వచ్చేసింది. ఆపుకోలేదు కూడా. ఇక దాచడానికి ఏం మిగిలింది గనక? తెర మొత్తం పీకేసి చెప్పాను. ఇది బండి. ఇచ్చింది మా అక్క చిరునామా. ఇప్పుడు కాటా మీద ఉన్నాం. నేను డెబ్భై. రెండేళ్ళలో ఒక్క క్లాసు పోనివ్వలేదు, వానలో సిగ్నల్ కోసం గుట్టలెక్కాను, కానీ రాసింది మాత్రం అబద్ధమే.

"నన్ను తీసేస్తే తీసెయ్యండి మేడమ్. ఆ పుస్తకానికి మాత్రం మార్కులు వెయ్యండి. అది నేను చెప్పించింది కాదు, వాళ్ళంతట వాళ్ళు నేర్చుకున్నది."

పెద్దాయన ముందుకు వంగి, సున్నా అని కంటితో చూసి అన్నావా, కొలిచి అన్నావా అని గొణుగుణ్ణి అడిగారు. కొలిచానండీ అన్నాడు వాడు. ఆయన జేబులోంచి స్కేలు తీసి తన తెర మీద అల్మారా అంచు దగ్గర ఒకసారి, గరిటె దగ్గర ఒకసారి పెట్టి చూసుకున్నారు. సున్నాయే అన్నారు. తర్వాత కబురు చేస్తామని చెప్పి లేచారు.

వారం రోజులు మా ఆయన, తప్పంతా తనదేనని, నా మొహం చూడలేదు. తప్పు నాదని వందసార్లు చెప్పినా వినలేదు. ఎనిమిదో రోజు మెయిలు వచ్చింది. ఉద్యోగం పర్మనెంటు. రెండే షరతులు: ప్రతి సోమవారం ఏ ఊళ్ళో ఉన్నానో నిజం రాయాలి, పాఠం చెబుతుండగా బండి కాటా ఎక్కకూడదు.

ఆ సంతోషంలో మా ఆయన కొత్త చెక్కలు చేయించారు, మందానికి ఒకటి చొప్పున ఆరు. ఎక్కడ ఆపినా రసమట్టం పట్టుకుని చక్రాల కింద దూరేవారు. మంచం పలకలా తిన్నగా ఉంది. రెండేళ్ళలో మొదటిసారి హాయిగా నిద్రపోయాను. అద్దంలో నా మొహం నాకు కనబడింది.

మర్నాడు క్లాసులో సున్నా. ఆ మర్నాడూ సున్నా. మూడో రోజు రెండు జడల పిల్ల ఆవలించింది. నాలుగో రోజు గొణుగుడు పుస్తకం బయటికి తియ్యనేలేదు.

ఆ సాయంత్రం కొత్త ఊళ్ళో ఆగగానే మా ఆయన చెక్కలు పట్టుకుని దిగుతుంటే ఆపాను. ఎడమ వైపు పెట్టద్దన్నాను. ఆయన అయోమయంగా చూశారు.

"వాలిపోతుంది కదా. నిద్ర పట్టదని రెండేళ్ళు నా ప్రాణం తీశావుగా?"

"తీశాను. ఇప్పుడు వద్దంటున్నాను."

ఆయనకి అర్థమైంది. నవ్వుతూ కింద కూర్చుని, రసమట్టం తీసి, రెండు డిగ్రీలు చాలా అని అడిగారు.

"రెండున్నర పెట్టండి," అన్నాను. "మావాడు సగాలు కూడా కొలుస్తున్నాడు."