చీమలు దాటిన గీత

పొద్దున షట్టరు లేపి ఊదుబత్తి ముట్టించేసరికి గోడ సందులోంచి చీమలు బయటికొచ్చేవి. వరంగల్ చౌరస్తా దగ్గర పాండురంగం మూలికల దుకాణంలో అవీ పనివాళ్ల లెక్కే. గిరాకి మెట్టెక్కగానే వెళ్లి కాళ్లు చూసొచ్చేవి. పాదం చుట్టూ నిలబడిపోయాయంటే ఆ మనిషికి షుగరున్నట్టు.

"నిలబడ్డయా? అయితే పొడపత్రి తీస్కపో," అనేవాడు పాండురంగం, సంచి విప్పుతూ. ములుగు అడవి నుంచి జీపులో వచ్చే ఆకు అది. నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక తిన్నట్టే ఉంటుంది. వాళ్ల తాత దాన్ని చక్కెరను చంపే ఆకని అమ్మాడు. ఇప్పుడు సారం తీసి గోళీల్లో నింపే కంపెనీలూ కొంటున్నాయి.

ఆ ఎండాకాలం మనవరాలు అక్షర చెంబుల మీద చెంబులు నీళ్లు తాగసాగింది. గౌను భుజాల మీంచి జారిపోతోంది. ఎండలు గదా అన్నారందరూ. ఒకరోజు దుకాణంలో కూర్చుంటే, చీమలన్నీ గిరాకిని వదిలి ఆ పిల్ల పాదాల చుట్టూ నిలబడ్డాయి.

చిన్నపిల్లకు షుగరేంది అనుకున్నాడు పాండురంగం. ఎవరికీ చెప్పలేదు. పొడపత్రి పొడి నీళ్లలో కలిపి తాగించాడు. దుకాణం వెనకే ఇల్లు. పిల్ల చాప చుట్టూ చీమల చాక్‌పీసుతో రోజూ గీత గీశాడు. ఇంత తెలిసినోడు అంత పిచ్చిపని చేస్తాడా అంటే, చేస్తాడు. భయం అట్లాంటిది.

ఒక మధ్యాహ్నం అక్షర ఎంత లేపినా లేవలేదు. ఊపిరి ఎగపోస్తోంది. కోడలు శ్రావణి వచ్చి చూస్తే గీత నల్లగా ఉంది. ముందొచ్చిన చీమలు చచ్చి పడితే, వెనకవి వాటి మీంచి దాటొచ్చి పిల్ల పాదాల చుట్టూ నిలబడి ఉన్నాయి.

"మామయ్యా, ఎప్పటిసంది గీస్తున్నరు దీన్ని?"

"భయమైందమ్మా. ఆకు తాపుతున్న గదా, తగ్గుతదనుకున్న."

"ఆకుతోటి అయ్యేది కాదిది. ఆటో పిలువుండ్రి, దవాఖానకు పోదాం."

అక్కడ డాక్టరమ్మ ఇన్సులిన్ ఎక్కించి, "పిల్ల ఒంట్లో ఇది తయారైతలేదు. ఏ ఆకూ ఇయ్యలేదు దీన్ని. ఇంకో పూట ఆగితే దక్కకపోతుండె," అంది.

అక్షర ఇంటికొచ్చింది. చీమలు మాత్రం మళ్లీ కనబడలేదు. గిరాకి కాళ్లు చాపి ఎదురుచూస్తే, "ముందు పోయి రక్తపరీక్ష చేయించుకో, ఆకు సంగతి తర్వాత," అంటున్నాడు పాండురంగం. పొద్దున సూది వేయించుకున్నాక అక్షర గోడ సందు దగ్గర చిటికెడు చక్కెర పోస్తుంది. తాత పక్కనే బిక్కుబిక్కుమంటూ కూర్చుంటాడు.

నిన్న ఒక చీమ వచ్చింది. పిల్ల పాదం దగ్గర ఆగి, కాసేపు మీసాలు ఆడించి, చక్కెర దిక్కు వెళ్లిపోయింది.

పాండురంగం అక్కడే కూర్చుని ఏడ్చాడు.