కింది ఇంటి సంతకం

చెక్క నేల వేయించుకుందామని నేను మొదటిసారి అడిగి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లూ మా ఆయన "చూద్దాంలే" అంటూనే నెట్టుకొచ్చారు. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. రోజుకు ఎనిమిది గంటలు కాలు మిషన్ తొక్కుతాను. ఏడాదిగా కుడి మడమలో నొప్పి. పొద్దున మంచం దిగి చల్లటి టైల్స్ మీద కాలు మోపితే ప్రాణం జివ్వుమంటుంది. "నేల కాస్త వెచ్చగా ఉంటే మంచిది" అని డాక్టరు అనగానే నేను మా ఆయన వైపు ఒక చూపు చూశాను. ఆసుపత్రి మెట్లు దిగకముందే ఆయన ఒప్పేసుకున్నారు.

మర్నాడు ఫ్లోరింగ్ మేస్త్రి వచ్చాడు. చెవి వెనక పెన్సిలు, చేతిలో ఆరడుగుల అల్యూమినియం బద్ద. మాట్లాడే ముందు స్క్రూడ్రైవర్ పిడితో టైల్స్ అన్నిటినీ తట్టుకుంటూ పోయాడు. డొల్లగా మోగినవాటి మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. బద్దను నేలకు ఆనించి, దాని కింద వెలుతురు కనబడుతుందేమోనని బోర్లా పడుకుని చూశాడు. పని తెలిసినవాళ్ల మీద నాకు కోపం రాదు. మిగతా అందరి మీదా వస్తుంది.

"ఇది ఒట్టి కర్ర కాదమ్మా" అంటూ నమూనా పలక అంచు చూపించాడు. "పైన అసలు చెక్క. కింద ప్లై, ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం. అందుకే తొందరగా వంకర పోదు. అయినా గోడ పక్కన చిటికెన వేలు పట్టేంత సందు వదులుతాం. టైల్స్ పీకం, మేకులు కొట్టం. ఒకదాన్లో ఒకటి బిగించుకుంటూ పోవడమే. పెట్టెలు వచ్చాక మాత్రం మూడు రోజులు ఆ గదిలోనే ఉంచాలి. ఇంటి గాలికి అలవాటు పడాలి కదా."

"మా అత్తగారు నాకు మూడు గంటలు కూడా ఇవ్వలేదు" అన్నాను. మా ఆయనకి సరిగ్గా అప్పుడే దగ్గు వచ్చింది.

ముందు మిషన్ గది, తర్వాత పడకగది, చివర హాలు. పలకలు కిటికీ వైపు నిలువుగా పరచాలి. అన్నీ రాసుకున్నాక మేస్త్రి పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, "ఒక్క చిక్కుంది" అన్నాడు.

చెక్క కింద ఒక పరుపు వేయాలట. అందులో రెండు రకాలు. సన్నం ఫోమ్ వేస్తే పై చప్పుళ్లు కిందింటికి దిగుతాయి. మందం రబ్బరు వేస్తే దిగవు. కానీ దాంతో నేల ఎత్తు పెరిగి ఆరు తలుపులూ విప్పి అడుగున కోయాలి. పైగా మెత్తనిది కాబట్టి దాని మీద మిషన్ ఊగుతుంది. ఊగే మిషన్ మీద కుట్టు ఎలా వస్తుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"అయితే సన్నందే వేసెయ్" అన్నాను.

"మీ అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకోదమ్మా. సన్నం వేయాలంటే కింది ఇంటివాళ్లు సంతకం పెట్టాలి. కింద ఎవరుంటారు?"

నేనూ మా ఆయనా మొహాలు చూసుకున్నాం.

కింద ఉండేది కర్రగారు. అది మేం పెట్టిన పేరు. ఆరేళ్ల కింద ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పెద్ద ఆర్డరు కుడుతుంటే కింద నుంచి కర్రతో సీలింగు మీద టకటకా కొట్టాడు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నేనూ నేల మీద రెండు కాళ్లతో ఎగిరి దూకాను. ఆ రోజు నుంచి ఉప్పూ నిప్పే. లిఫ్టులో ఎదురుపడితే ఆయన అంకెల వైపు చూస్తాడు, నేను నా చెప్పుల వైపు చూస్తాను. ఆయన మళ్లీ కొట్టలేదు గానీ నేను ఊరుకోలేదు. ఎవరి మీద కోపం వచ్చినా ఇనప స్టూలును గది ఈ మూల నుంచి ఆ మూలకి బరబరా ఈడ్చేదాన్ని. ఆయన భార్య కనబడి మూడేళ్లయింది. కూతురి దగ్గరికి వెళ్లిపోయిందనుకున్నాను. అలాంటి మొగుడితో ఎవరుంటారులే అని కూడా అనుకున్నాను.

"నేను వెళ్లి అడగనా?" అన్నారు మా ఆయన. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అవతలివాళ్లు కాదంటే క్షమాపణ చెప్పి వచ్చేస్తారు.

మేస్త్రే ఉపాయం చెప్పాడు. "వట్టి మాటలతో ఎవరూ ఒప్పుకోరమ్మా. వినిపిద్దాం. నాలుగడుగుల ముక్కలు రెండు తెస్తాను. ఒకటి ఫోమ్ మీద, ఒకటి రబ్బరు మీద. సారు పైన మిషన్ తొక్కుతారు. మనం కింద నిలబడి విందాం."

ఆదివారం పొద్దున కింది ఇంటి బెల్లు నేనే కొట్టాను. కర్రగారు తలుపు తీసి, నన్ను చూసి, నా వెనక మేస్త్రిని చూసి, మేం చెప్పిందంతా విన్నాడు.

"మీ మిషన్ గది కింద మా పడకగది ఉంది" అన్నాడు. "రండి. కాస్త మెల్లగా మాట్లాడండి."

గదిలో ఆసుపత్రి మంచం ఉంది. దాని మీద ఆయన భార్య వెల్లకిలా పడుకుని ఉంది. నడుం కింద దుప్పటి, చేతికందే బల్ల మీద నీళ్ల సీసా, కళ్లజోడు, మందులు. నాకు తల కొట్టేసినట్టయింది. మూడేళ్ల కింద బాత్రూములో పడిందట. నడుం దగ్గర ఆపరేషన్ చేసినా కాళ్లు తిరిగి రాలేదట. నా కాళ్ల కింద, పదడుగుల దూరంలో ఒక మనిషి మూడేళ్లుగా ఇలా ఉంటే నాకు తెలియదు. తెలుసుకోలేదు.

"కూర్చో అమ్మాయ్" అంది ఆవిడ. "పైన నడుస్తున్నది మీ ఆయనే కదూ. ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు."

పన్నెండేళ్లుగా కాపురం చేస్తున్న నేను అది ఎప్పుడూ గమనించలేదు.

"నీకేమో మడమ నొప్పి. పొద్దున ఆ గదిలోకి వస్తూ నాలుగడుగులు మునివేళ్ల మీద వేస్తావు."

"అవును పిన్నిగారూ" అన్నాను.

మేస్త్రి ఫోన్ చేసి "మొదటిది, ఫోమ్ ముక్క, కానివ్వండి సార్" అన్నాడు. పైన మిషన్ మొదలైంది. దడదడమని, స్పష్టంగా వినబడింది. మా ఆయనకి తొక్కడం రాదు కాబట్టి మధ్యలో ఆగుతూ సాగుతూ ఉంది. ఆవిడ నవ్వింది.

"ఇప్పుడు మిషన్ రెండో ముక్క మీదికి జరిపి తొక్కండి సార్" అన్నాడు మేస్త్రి.

ఏమీ వినబడలేదు. ఒక నిమిషం చూసి నేను ఫోన్ అందుకున్నాను. "ఏమండీ, తొక్కుతున్నారా?"

"తొక్కుతూనే ఉన్నానే! కాళ్లు పడిపోతున్నాయి!"

మేస్త్రి మొహం వెలిగిపోయింది. "చూశారా? మందం రబ్బరంటే అదీ!"

"ఇదే వేయించండి" అన్నాడు కర్రగారు వెంటనే. "డాక్టరు ఈవిడకి విశ్రాంతి కావాలన్నాడు. ఆ సన్నం ఫోమ్‌కి నేను సంతకం పెట్టను. ఏమనుకోకండి."

నేను ఏమనుకోను? పోట్లాటకి సిద్ధపడి వచ్చానన్న సంగతే మర్చిపోయాను. ఆరు తలుపులూ కోయించుకుందాం, మిషన్ కింద చెక్క దిమ్మలేవో పెట్టుకుందాం అని లేచాను.

"నన్నెవరూ అడగరేం?" అంది ఆవిడ.

ముగ్గురం ఆవిడ వైపు తిరిగాం.

"నువ్వే కదా అప్పట్లో నిద్ర పట్టడం లేదన్నావు? నీ కోసమే కదా నేను కర్ర పట్టుకుంది?" అన్నాడు ఆయన.

"అప్పుడు నేను నడిచేదాన్నండీ. రోజంతా బయట తిరిగి, నలుగురితో మాట్లాడి వచ్చేదాన్ని. నిద్ర కావాల్సొచ్చింది. ఇప్పుడు మీరు తొమ్మిదింటికి మన మందుల షాపు తెరవడానికి వెళ్తే ఏడింటికి వస్తారు. ఆయా పదింటికల్లా నా పనులు చేసి, అన్నం డబ్బా పక్కన పెట్టి వెళ్లిపోతుంది. తర్వాత నాకున్నది ఈ అమ్మాయే." ఆవిడ సీలింగు వైపు చెయ్యి చూపించింది. "పదింపావుకి మిషన్ మొదలెడుతుంది. ఒకటిన్నరకి ఆపుతుంది. అంటే భోజనానికి లేచిందన్నమాట. అప్పుడు నేనూ డబ్బా తీసుకుంటాను. ఇద్దరం తింటున్నట్టు ఉంటుంది."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"ఇక స్టూలు ఈడ్చిందా, ఆ రోజు మంచి కాలక్షేపం. పాపం ఎవరికి మూడిందో అని సాయంత్రం దాకా ఆలోచిస్తాను."

భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఆ స్టూలు నేను ఈడ్చింది వీళ్లను ఏడిపించడానికే. ఆ మాట పైకి చెప్పేశాను కూడా. ఆవిడ "తెలుసులే" అంది.

కర్రగారు మేస్త్రి చేతిలోంచి సంఘం కాగితం తీసుకుని, బల్ల మీద పెట్టి సన్నం ఫోమ్‌కి సంతకం చేశాడు. "మూడేళ్లుగా షాపు నుంచి ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతున్నాను. తిన్నానంటుంది. ఈ సంగతి ఒక్కనాడూ చెప్పలేదు" అన్నాడు నాతో. ఆరేళ్లలో ఆయన నోట నేను విన్న మొదటి మనసులో మాట అది.

సోమవారం పెట్టెలు వచ్చాయి. ఇరవై రెండు. మేస్త్రి వాటిని మిషన్ గదిలో చదరంగా పేర్చి, గాలి ఆడేలా మధ్యలో సందులు వదిలాడు. మిషన్‌ను మోసి హాల్లో బాల్కనీ పక్కన పెట్టించాను. యూనిఫామ్‌ల ఆర్డరు ఉంది. బుధవారానికి నలభై జతలు ఇవ్వాలి. తల ఎత్తకుండా కుట్టాను. ఆకలి గుర్తొచ్చేసరికి మూడు దాటింది. కంచంలో వడ్డించుకుని, మొదటి ముద్ద కలుపుతుంటే అర్థమైంది. మిషన్ ఉన్నది హాల్లో. ఆ గదిలో పొద్దున్నుంచి మిషన్ చప్పుడే లేదు.

కంచం మీద మూత పెట్టి, చేత్తో పట్టుకుని మెట్లు దిగాను. మడమ గుర్తే లేదు. ఆ ఇంటి తాళం చెవి ఒకటి వాచ్‌మన్ దగ్గర ఉంటుందని కర్రగారు ఆదివారమే చెప్పాడు. అది తీసుకుని, తలుపు తీసి లోపలికి వెళ్తే ఆవిడ సీలింగు వైపే చూస్తోంది. పక్కన డబ్బా మూత తీయలేదు.

"నువ్వా?" అంది. "మిషన్ అలికిడి లేకపోతే ఊరెళ్లావనుకున్నాను."

"ఊరెళ్తే మీరు తినరా?"

"సాయంత్రం ఆయన వచ్చాక తింటాను. ఒక పూటకి ఏం కాదులే."

పోయిన ఏడాది మేం పదిహేను రోజులు ఊళ్లో లేము. ఆ పదిహేను మధ్యాహ్నాలూ నా కళ్ల ముందు తిరిగాయి. నాకు కోపం వచ్చినంత సులువుగా ఏడుపు రాదు. ఆ రోజు వచ్చింది. మూలనున్న వాళ్ల స్టూలు మంచం దగ్గరికి జరుపుకుని, డబ్బా ఆవిడ చేతికిచ్చాను.

"పెట్టెలు తీసేదాకా రోజూ ఒకటిన్నరకి నేనే వస్తాను" అన్నాను.

"ఎందుకమ్మా శ్రమ? మూడు రోజులే కదా. చెక్క వేశాక మళ్లీ మిషన్ వినబడుతుంది. అది చాలు నాకు."

"మీకు చాలుతుందేమో. నేను పన్నెండేళ్లుగా మధ్యాహ్నం ఒక్కదాన్నే తింటున్నాను పిన్నిగారూ."

ఆ మాట నోటి నుంచి వచ్చేదాకా అది నాకు బాధగా ఉందని నాకే తెలియదు. ఆవిడ నా కంచం వైపు చూసి, తన డబ్బా మూత తీసింది.