తెర కట్టని ఉదయం

మా దీవిలోని దీపస్తంభం నూట నలభై ఏళ్ళ నాటిది. పైన దీపం చుట్టూ మనిషెత్తు గాజు కటకాలుంటాయి. రాత్రి అవి చిన్న వెలుగును మైళ్ళ దూరం పంపుతాయి. పగలు మాత్రం భూతద్దంలా ఎండను ఒక్కచోటికి పోగుచేసి కాల్చేస్తాయి. అందుకే తెల్లారగానే చుట్టూ గుడ్డ తెర కట్టాలి. ఈ ఉద్యోగంలో చేరిన పదకొండేళ్ళలో ఒక్కరోజూ మరవలేదు.

ఆ ఉదయం దట్టంగా మబ్బు పట్టింది. అదే అదనుగా మా ఆవిడ చిరిగిన తెరను కిందికి తెచ్చి కుట్టింది. కొక్కేలు నా జేబులో వేసి, "నేను పైకెళ్ళి ఇత్తడి తుడుస్తుంటా. తెర పట్టుకు రండి" అంది.

"ప్రార్థన చేసుకుని వచ్చేస్తా."

"మీకూ ఆ దేవుడికీ కబుర్లు మొదలైతే ఇక తెమిలినట్టే!"

ప్రార్థన మధ్యలో పడవ కూత వినిపించింది. రెండు నెలలకోసారి సరుకులు తెచ్చే పడవ. తెర బల్ల మీదే వదిలి రేవుకు పరిగెత్తాను.

బస్తాలు దించుతూ పడవ నడిపే సరంగు నవ్వాడు. "ఏం బావా, మా చెల్లెమ్మ ఇవాళ పైనుంచి చెయ్యి ఊపలేదేం? పోట్లాడావా?"

తలెత్తాను. మబ్బు విడిపోయి మెడ మీద ఎండ చురుక్కుమంది. జేబులో కొక్కేలు గలగలమన్నాయి.

నిన్ననే నూనె పీపాను కప్పీ తాడుతో పైకి లాగి, దీపం పక్కనే దించాను. ఇద్దరు మగాళ్ళు తోస్తే గాని కదలని పీపా.

ఇంట్లోంచి తెర లాక్కుని మెట్లెక్కాను. మలుపు మలుపుకీ పిలిచాను. నూరో మెట్టు దగ్గర కాలిన వాసన తగిలింది. దేవుడా అనబోయి ఆగిపోయాను. నీకు దండం పెడుతూనే కదా మరిచాను, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?

పైన ఆమె పీపాకు వీపు ఆనించి నిలబడి ఉంది. తడి కంబళిని రెండు చేతులతో, పళ్ళతో పట్టుకుని ముందు అడ్డంగా చాచింది. దాని మీద నాణెమంత వెలుగు పొగ లేపుతోంది. అప్పటికే అయిదారు చిల్లులు. ఒకచోట కాలగానే ఇంకోచోటు అడ్డం పెడుతోంది. అడుగు పక్కకు వేస్తే ఆ వెలుగు పీపా మీదే పడుతుంది.

తొందరలో రెండు కొక్కేలు జారిపోయాయి. వెతికి తగిలించాను. గది చీకటైంది.

కంబళి నుంచి ఆమె వేళ్ళు వాటంతట అవి విడలేదు. ఒక్కొక్కటే విప్పాను. అరచేతిలో బొబ్బలు. బకెట్లో మిగిలిన నీళ్ళు పోశాను.

"అయిందా మీ ప్రార్థన?" అంది, బొంగురుగా.

"కాలేదు."

"పోయి పూర్తి చేసుకోండి మరి."

పోలేదు. లేచి, మూడో కొక్కెం సరిగ్గా పడిందో లేదో మళ్ళీ చూశాను.