రెండుంబావు సైజు

అండాలు బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల మీద మెల్లగా నొక్కుతూ కూర్చుంది బషీరున్నీసా. ముప్పై ఏళ్లుగా భువనగిరి ఆడవాళ్ల చేతులు పట్టుకుని, గాజులు తొడిగి బతికిన మనిషి. సన్నగా, కాస్త వంగి ఉంటుంది. వేళ్ల నిండా గాజు పెంకులు గీసిన గీతలు. భర్త గులాం నబీ పోయినప్పటి నుంచి తన చేతులకు మాత్రం గాజుల్లేవు. చెయ్యి పట్టుకోగానే సైజు చెప్పేస్తుంది. అండాలుది రెండుంబావు. ఆ సైజు ఆకుపచ్చ గాజులు పెట్టెలో డజను ఉన్నాయి.

"లేవు సోమక్కా," అంది. "గీ చేతికి నా దగ్గర సైజు లేదు."

అండాలు అత్త సోమమ్మ మొహం ముడుచుకుంది. కోడలికి అయిదో నెల, ఇవాళ గాజులు తొడిగించాలి. తొడిగాక కాన్పయ్యేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. ఆ ఇంటి ఆనవాయితీ అది.

బషీరున్నీసా భయమంతా ఆ పొలిమేర గురించే. రెండేళ్ల కిందట అండాలుకు గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ అని తేలింది. తొలిదశలోనే దొరికింది కాబట్టి పట్నం డాక్టరమ్మ రోగమున్న కాస్త ముక్కే కోసి తీసి, పిల్లలు పుట్టాలని సంచిని కాపాడింది. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలని మరీ మరీ చెప్పింది. సంగతి మొగుడికి తెలుసు, అత్తకు తెలియదు. తెలిస్తే ఇంట్లో ఉండనివ్వదని అండాలు భయం. అందుకే దవాఖాన కార్డు బషీరున్నీసా గాజుల పెట్టె అడుగున ఉండేది. పట్నం లాడ్‌బజారులో గాజుల సరుకు కొనడానికి తోడు కావాలంటూ బషీరున్నీసా తారీఖు తప్పకుండా ఆ పిల్లను తీసుకెళ్లేది. తన కూతురు ఖాతూన్ ఇదే రోగాన్ని సిగ్గుతో దాచుకుని పోయింది మరి. ఆ కడుపుకోత ఇంకో తల్లికి వద్దనుకుంది.

సోమమ్మ మంచినీళ్లకు లోపలికి వెళ్లింది.

"కడుపు నిలిచింది గదా బీబమ్మా, రోగం పోయినట్టే. ఇంకెందుకు పోవుడు?" అంది అండాలు గుసగుసగా.

"ఎవరు చెప్పిండ్రే నీకు? సంచి మూతి పొట్టిగయింది, బిడ్డ జారకుండ చూస్కోవాలె, అవసరమైతే కుట్టేస్తమన్నది డాక్టరమ్మ. రోగం మళ్ల వచ్చిందా లేదా గూడ చూడాలె. రేపే తారీఖు."

సోమమ్మ రాగానే బషీరున్నీసా గొంతు మార్చింది. "అక్కా, రేపు పిల్లను పట్నం తీస్కపోయి, గాజులు చేతికి ఏసి చూసి తెస్త. ఎల్లుండి నీ ఇంట్లనే తొడుగుత. జర పంపు."

"తొడగక ముందే గదా. పోయి రాండ్రి," అంది సోమమ్మ.

సైజు లేదని అబద్ధమాడటం ముప్పై ఏళ్లలో ఇదే మొదలు. తలుచుకుంటే బషీరున్నీసాకు దారి పొడవునా నవ్వొచ్చింది. ఎడమ రెక్క లాగుతుంటే పెట్టె బరువనుకుంది. ఇంటికొచ్చి ఆ డజను గాజులనూ కార్డునూ పేపర్లో చుట్టి కోడలు అజీజా బేగానికి చూపించింది. "ఇది అండాలుది. పొద్దున ఎంట తీస్కపోవాలె, యాది చెయ్యి."

తెల్లవారి నమాజుకు అజీజా లేపితే బషీరున్నీసా లేవలేదు.

అండాలును బస్టాండులో కూర్చోబెట్టి, ఎదురుచూసి చూసి, సోమమ్మే బషీరున్నీసా ఇంటికి నడిచింది. కళ్లు తుడుచుకుంటూ, చేతిలో పొట్లంతో తిరిగొచ్చింది.

"బీబమ్మ పోయింది బిడ్డా. ఇది నీదని ఇచ్చిండ్రు."

పొట్లం విప్పి, సైజు చూద్దామని ఒక గాజు కోడలి చేతికి ఎక్కించింది. సరిగ్గా సరిపోయింది.

"సైజు లేదన్నది గదా," అంది సోమమ్మ. అప్పుడు అడుగునున్న కార్డు కనబడింది. చదువు రాకపోయినా దవాఖాన ముద్రలు తెలుసు. వరసగా ఏడు ముద్రలు, తర్వాత ఖాళీ గడి. "గిదేంది?"

అండాలు ఏడుస్తూ అంతా చెప్పింది.

సోమమ్మకు కోపమొచ్చింది, అంతకన్నా ఎక్కువగా సిగ్గేసింది. "నాకు చెప్తే నేను పంపకపోదునా," అంది. పంపేదో లేదో ఆమెకే తెలియదు. కోడలి చెయ్యి అందుకుని, కణుపుల మీద మెల్లగా నొక్కుతూ గాజు వెనక్కి తీసేసింది.

"ఇంకా గాజులు తొడగలేదు, ఇనవడ్డదా? లే, బస్సొస్తాంది. నేనే వస్త. బీబమ్మను మట్టి చేసేటప్పుడు మనం లేకున్నా ఆమె ఏమనుకోదు."

బస్సు కదిలాక కూడా సోమమ్మ ఒళ్లో ఆ పేపరు విప్పే ఉంది, అందులో పన్నెండు ఆకుపచ్చ గాజులు.